చెట్టు మీద కోలా, సముద్రంలో గవ్వ

పోయిన వేసవి సెలవుల్లో మా మనవరాలు యానాం వచ్చింది. నాలుగో తరగతి చదువుతోంది. దాని దగ్గర జంతువుల బొమ్మల ముక్కలున్నాయి. మన పేకముక్కల్లాంటివే. ఒక్కో ముక్క మీద ఒక జంతువు బొమ్మ, కింద దాని బరువు, పొడుగు, ఎన్నేళ్ళు బతుకుతుంది అని అంకెలు ఉంటాయి. ఒకరు ఒక ముక్క వేస్తే రెండోవాళ్ళు ఇంకోటి వెయ్యాలి. ఎవరి అంకె పెద్దదైతే వాళ్ళు గెలిచినట్టు.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. గౌతమి వైపు నుంచి గాలి కూడా రావట్లేదు. ఇద్దరం వీధరుగు మీద కూచుని ఆడుతున్నాం. నా చేతిలో ముక్కలన్నీ అయిపోయాయి. అది తన చివరి ముక్క వేసింది. చూస్తే బూడిదరంగు బొచ్చు, గుండ్రటి చెవులు, పెద్ద నల్లముక్కు. చెట్టుని వాటేసుకుని కూచుంది.

"ఇది కోలా" అంది.

"తాగేదా?" అన్నాను. పకపకా నవ్వింది.

నా దగ్గర ముక్క లేదు కదండీ. పక్కనే అష్టాచెమ్మా గవ్వలు నాలుగుంటే ఒకటి తీసి ఆ కోలా మీద పెట్టాను. "ఇదీ జంతువే. ఇప్పుడు చెప్పు, ఏది గొప్ప?" అన్నాను.

"గవ్వ జంతువేంటి తాతా! ఆడుకునే వస్తువు కదా" అంది.

గవ్వ అంటే సముద్రంలో బతికే ఒక చిన్న నత్త ఇల్లని, ఆ నత్త చచ్చిపోయాక ఇల్లు మన చేతికి వస్తుందని చెప్పాను. "అయితే అదేం తింటుంది? పిల్లల్ని ఎలా పెంచుతుంది?" అని మొదలెట్టింది. నాకు తెలియదు. అరవై ఏళ్ళుగా చేతిలో వేసి గలగలలాడిస్తున్న వస్తువు, దాని సంగతి నాకేమీ తెలియదని ఆ రోజు తెలిసింది. కోలా సంగతి సరేసరి.

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. చదవడం వచ్చుగాని పెద్ద పుస్తకాలు ఒక్కణ్ణీ చదవలేను. మా వీధిలో ఒక రిటైరైన మేష్టారున్నారు. ఆయన్ని పట్టుకుని, గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేయించి, ఒక నెల రోజులు ఈ రెండిటి వెంట పడ్డాను. తెలుసుకున్నది మీకూ చెబుదామని రాస్తున్నాను. ఎందుకంటే మనలాంటి మిల్లు కుటుంబాలకి ఇందులో పనికొచ్చే సంగతి ఉందని నాకనిపించింది.

ఎవరిది ఏ ఊరు

కోలా ఆస్ట్రేలియా దేశంది. చాలామంది దాన్ని ఎలుగుబంటి అంటారుగాని కాదు. కంగారూకి చుట్టం. కంగారూలాగే ఆడదానికి పొట్ట మీద సంచి ఉంటుంది, పిల్ల అందులో పెరుగుతుంది. కంగారూ నేల మీద గెంతుతుంది, కోలా చెట్టు దిగడానికే ఇష్టపడదు. పెద్దది నాలుగు కిలోల నుంచి పధ్నాలుగు, పదిహేను కిలోల దాకా ఉంటుంది. తోక ఉండదు. ముందు పాదానికి రెండేసి బొటనవేళ్ళు, కొమ్మని గట్టిగా పట్టుకోడానికి. దాని వేళ్ళకి మన వేలిముద్రల్లాంటి గీతలు కూడా ఉంటాయిట. మస్టర్ రోల్ మీద వేలిముద్ర వేయించొచ్చు అనుకుని నవ్వుకున్నాను.

గవ్వల్లో చాలా రకాలున్నాయి. నేను చెప్పేది మనం ఆటకి వాడే పసుపు తెలుపు చిన్న గవ్వ సంగతి. రెండు, మూడు సెంటీమీటర్ల పొడుగు. హిందూ మహాసముద్రంలోను, పసిఫిక్ సముద్రంలోను లోతు తక్కువ ఉన్న పగడపు దిబ్బల దగ్గర, రాళ్ళ కింద ఉంటుంది. మాల్దీవులు, లక్షద్వీపాలు దాని సొంతూళ్ళు. మా గోదారి బురదనీళ్ళు దానికి పడవు. అందుకే యానాంలో పుట్టి పెరిగినా, బతికున్న గవ్వని నేనెప్పుడూ చూడలేదు. మా ఇంట్లో గవ్వలు మా అమ్మ రామేశ్వరం యాత్రకెళ్ళినప్పుడు కొని తెచ్చినవి.

గవ్వ పగలంతా రాయి కింద దాక్కుంటుంది. చీకటి పడ్డాక బయటికొచ్చి రాళ్ళ మీది నాచు గోక్కుని తింటుంది. కోలా కూడా ఎక్కువ రాత్రిపూటే కదుల్తుంది. ఒకటి కొమ్మ మీద, ఒకటి సముద్రం అడుగున. రెండూ మూడో షిఫ్టు మనుషులే అన్నమాట.

ఒకే ఆకు తిని బతకడం

కోలా తినే ఆకు యూకలిప్టస్ ఆకు. ఇదేదో పరాయి చెట్టు అనుకోకండి. మన గోదావరి జిల్లాల్లో జామాయిల్ తోటలంటారే, కాగితం మిల్లులకి కర్ర కొట్టి లారీల్లో పంపుతారే, అదే జాతి. జలుబు చేస్తే రాసుకునే నీలగిరి తైలం దాని ఆకులోంచే తీస్తారు. ఆ చెట్ల సొంత దేశం ఆస్ట్రేలియా. అక్కడ ఆ జాతిలో ఆరొందల పైచిలుకు రకాలున్నాయి. కోలా తినేవి అందులో కొన్ని పదుల రకాలే. ఒక్కో ప్రాంతపు కోలా మళ్ళీ వాటిలో రెండు మూడు రకాలే ఏరుకుని తింటుంది.

ఆ ఆకులో సారం తక్కువ, విషం ఎక్కువ. మన మేకలు కూడా జామాయిల్ ఆకు ముట్టవు, చూసే ఉంటారు. కోలా దాన్ని అరాయించుకోడానికి లోపల పెద్ద ఏర్పాటే ఉంది. రెండు మీటర్ల దాకా పొడుగున్న పేగుసంచి ఒకటుంటుంది, అందులో ఆకు రోజుల తరబడి నానుతుంది. విషాన్ని విరగ్గొట్టడం కాలేయం పని. రోజుకి అర కిలో నుంచి కిలో ఆకు తింటే వచ్చే బలం అంతంత మాత్రం. అందుకే రోజుకి పద్దెనిమిది, ఇరవై గంటలు నిద్రపోతుంది.

ఇది చదివాక మా మనవరాలు "బద్ధకం కోలా" అంది. "కాదమ్మా. కూలి సరిపోనప్పుడు ఒళ్ళు దాచుకోవాలి. లేకపోతే నెలాఖరు దాకా రాదు" అన్నాను. దానికి అర్థం కాలేదు. మీకర్థమవుతుంది.

నేను తమిళనాడు వైపు ఒక స్పిన్నింగు మిల్లులో 1979లో చేరాను, పంతొమ్మిదేళ్ళప్పుడు. పేరెందుకులెండి. రింగ్ ఫ్రేము దగ్గర సైడర్ పని. ఇరవై నాలుగేళ్ళు చేసింది అదొక్కటే. తెగిన పోగు అతకడం. కదులుతున్న బాబిన్ మీద వేలు ఎక్కడ ఆనించాలో, పోగు ఎక్కడ దొరుకుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. చుట్టూ లైన్ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళూ అంతే. కార్డింగువాడికి కార్డింగు, బ్లోరూమువాడికి బ్లోరూము. ఎవరికి వాళ్ళం మా చెట్టు మీద గొప్పగా ఉన్నాం. ఆ చెట్టు ఆకు మాకు తప్ప ఇంకెవరికీ అరగదని గర్వం కూడా ఉండేది. 2003లో గేటుకి తాళం పడ్డాకగాని తెలియలేదు, మాకు వేరే ఆకు తినడం రాదని.

కోలా కూడా అంతే. అడవి కొట్టి ఇళ్ళు కడితే, రోడ్డు వేస్తే, అది పక్క పొలంలో గడ్డి తిని బతకలేదు. ఇంకో చెట్టు వెతుక్కుంటూ నేల మీద నడుస్తుంది. నేల మీద కార్లుంటాయి, కుక్కలుంటాయి. చెట్టు మీద మహారాజులా ఉన్న ప్రాణి నేల మీద దిక్కులేనిదయిపోతుంది. 2019, 2020ల్లో ఆస్ట్రేలియాలో పెద్ద కార్చిచ్చులు వచ్చినప్పుడు ఎన్నో కోలాలు కొమ్మల మీదే కాలిపోయాయి. 2022 ఫిబ్రవరిలో ఆ దేశం ప్రభుత్వం తూర్పు వైపు రాష్ట్రాల్లో కోలాని అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితాలో వేసింది.

గవ్వకి ఆ బెడద తక్కువ. ఈ రాయి కాకపోతే ఆ రాయి, ఈ నాచు కాకపోతే ఆ నాచు. అలాగని దానికి ఏ దిగులూ లేదనుకోకండి. పగడపు దిబ్బ చచ్చిపోతే దానికీ నీడ ఉండదు.

పళ్ళ సంగతి

ఇది చదివినప్పుడు నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

కోలా జీవితమంతా గట్టి ఆకు నమలాలి. నమిలి నమిలి దవడ పళ్ళు అరిగిపోతాయి. మళ్ళీ రావు. ముసలి కోలాకి ఎదురుగా ఆకు ఉంటుంది, ఆకలి ఉంటుంది, నమలడానికి పళ్ళుండవు. చాలా కోలాలు చివరికి అలా తిండి అందకే పోతాయి. అడవిలో దాని ఆయుష్షు పది, పదిహేనేళ్ళు.

గవ్వ నాలుక మీద ఆకురాయిలా వరసలు వరసలుగా చిన్న పళ్ళుంటాయి. దానితో రాయి మీది నాచు గీకుతుంది. ముందు వరస అరిగిపోతే వెనక నుంచి కొత్త వరస ముందుకొస్తుంది. బతికినంత కాలం అలా వస్తూనే ఉంటాయి.

మిల్లులో స్పేరు పార్టుల గది గుర్తొచ్చింది. మిషను పార్టు అరిగితే గదిలోంచి కొత్తది వచ్చేది. మాలో అరిగినవాటికి ఆ గదిలో ఏమీ ఉండేది కాదు. నాకిప్పుడు కుడి చెవి సరిగ్గా వినిపించదు. దూదిధూళికి దగ్గు మిగిలింది. ఈ విషయంలో నేను కోలా పార్టీయే.

తల్లి, పిల్ల

కోలా కడుపుతో ఉండేది ముప్పై అయిదు రోజులే. పుట్టిన పిల్ల రెండు సెంటీమీటర్లు ఉంటుంది, బరువు ఒక గ్రాము కూడా ఉండదు. చిక్కుడు గింజంత అనుకోండి. కళ్ళు తెరవదు, ఒంటి మీద బొచ్చుండదు. ఆ గింజే తల్లి బొచ్చు పట్టుకుని తనంతట తాను పాకుకుంటూ సంచిలోకి చేరుతుంది. ఆరేడు నెలలు పాలు తాగుతూ అక్కడే ఉంటుంది. బయటికొచ్చే ముందు తల్లి తన పేగులోని మెత్తటి గుజ్జు దానికి పెడుతుంది. మనకి అసహ్యంగా ఉంటుందిగాని, ఆకులోని విషాన్ని విరిచే సూక్ష్మజీవులు ఆ గుజ్జుతోటే పిల్ల కడుపులోకి వెళతాయి. అది తినకపోతే పిల్లకి ఆకు అరగదు. ఆ తరవాత ఏడాది వయసు దాకా తల్లి వీపు మీద సవారీ. ఒక కాన్పుకి ఒక్కటే పిల్ల.

అంటే తల్లి పిల్లకి పాలే కాదు, తన పనిని కూడా కడుపులో పెడుతోందన్నమాట. మా నాన్న నన్ను మిల్లులో పెట్టించినప్పుడు చేసింది అదే.

గవ్వ సంగతి ఇంకోలా ఉంటుంది. ఆడగవ్వ రాయి కింద వందల కొద్దీ చిన్న తిత్తులు పెడుతుంది, ఒక్కో తిత్తిలో బోలెడు గుడ్లుంటాయి. పెట్టి వెళ్ళిపోదు. వాటిని తన పాదంతో కప్పి, కోడిపెట్టలా రోజుల తరబడి అక్కడే కూచుంటుంది. నత్త కూడా గుడ్ల మీద కూచుంటుందని నాకు ఈ వయసులో తెలిసింది. గుడ్లు పగిలాక మాత్రం దాని చేతిలో ఏమీ లేదు. కంటికి ఆనని పిల్లలు సముద్రం నీళ్ళల్లో కొట్టుకుపోతాయి. వారాల తరబడి తేలుతూ, చేపలకి ఆహారమైనవి పోగా మిగిలినవి ఎక్కడో ఒక దిబ్బ మీద దిగి గవ్వలవుతాయి. ఏ దిబ్బ అనేది తల్లికి తెలియదు.

మన లైన్ ఇళ్ళ పిల్లలు ఇప్పుడెక్కడెక్కడ ఉన్నారో ఒకసారి లెక్కేసుకోండి. సూరత్తులో, తిరుప్పూరులో, గల్ఫులో, హైదరాబాదులో. మేము కోలాల్లాగా పెరిగాం. మా పిల్లలు గవ్వ పిల్లల్లాగా వెళ్ళారు. మా అబ్బాయి ఫోను చేసినప్పుడల్లా మా ఆవిడ "తిన్నావా" అనే అడుగుతుంది. గుడ్ల మీద కూచునే అలవాటు అంత తొందరగా పోదు.

ఒంటి మీది బట్ట

ఇక నాకు కాస్త తెలిసిన విషయానికొస్తాను.

కోలా బొచ్చు దట్టంగా ఉంటుంది, వీపు మీద మరీను. చెట్టు మీద ముడుచుకు కూచున్నప్పుడు వానా గాలీ తగిలేది వీపుకే కదా. మన నేతలో పడుగు, పేక దగ్గరగా కొట్టిన దళసరి గుడ్డలాగా నీటిని లోపలికి రానివ్వదు. పొట్ట మీద పలచన. ఎండాకాలంలో ఆ పొట్టని చల్లగా ఉండే చెట్టు మానుకి ఆనించి వాటేసుకుంటుంది. ఫొటోల్లో అది చెట్టుని ముద్దుగా పట్టుకున్నట్టు కనిపిస్తుందే, వేడి తట్టుకోలేక అలా చేస్తుందన్నమాట చాలాసార్లు.

గవ్వ నునుపు చూశారా? అద్దంలా ఉంటుంది. వేరే నత్తల గుల్లలు గరుకుగా, పాచి పట్టి ఉంటాయి. ఇది మాత్రం ఎందుకింత నునుపు? గుడ్డకి నిగనిగ రావాలంటే మిల్లులో గంజి పెట్టి, వేడి రోలర్ల మధ్య నలిపేవాళ్ళు. గవ్వకి ఆ పని దాని ఒళ్ళే చేస్తుంది. బతికున్నప్పుడు దాని మెత్తటి చర్మపు పొర రెండు వైపుల నుంచీ పైకొచ్చి గుల్లని దుప్పటిలా కప్పుతుంది. ఆ పొర గుల్ల మీద పూత మీద పూత వేస్తూనే ఉంటుంది. అంటే మనం ఇల్లు అనుకునేది దానికి లోపలి చొక్కా. పైన ఇంకో దుప్పటి ఉంటుంది. చచ్చిపోయాక దుప్పటి కుళ్ళిపోయి, మెరిసే చొక్కా మనకి మిగులుతుంది.

ఈ రెండిటికీ ప్రాణం మీదికొచ్చింది ఆ బట్ట వల్లే.

ఒకటి కోటయింది, ఒకటి డబ్బయింది

కోలా తోళ్ళని కోట్లకి, టోపీలకి లండన్, అమెరికా పంపేవారు. 1927 ఆగస్టు నెలలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో కోలాల వేటకి ఒక నెల అనుమతి ఇచ్చారు. కరువులో పని లేని పల్లె జనానికి నాలుగు డబ్బులొస్తాయని చెప్పారు. ఆ ఒక్క నెలలో 5 లక్షల పైచిలుకు కోలాల్ని చంపారు. అక్కడి జనమే గగ్గోలు పెట్టారు. తరవాత మళ్ళీ అలాంటి అనుమతి ఇవ్వలేదు. వేటాడినవాళ్ళు మనలాంటి పేదవాళ్ళే. ఆకలి ఒకడిది, తోలు ఒకడిది, కోటు ఇంకొకడిది.

గవ్వ కథ ఇంకా పాతది. 1340ల్లో ఇబన్ బతూతా అనే యాత్రికుడు మాల్దీవుల్లో కాజీ ఉద్యోగం చేశాడు. అక్కడివాళ్ళు సముద్రంలోంచి గవ్వలు ఏరి, ఒడ్డున గోతుల్లో వేసి, లోపలి మాంసం కుళ్ళిపోయాక తీసి, బెంగాలు వాళ్ళకి ఇచ్చి బియ్యం తెచ్చుకునేవాళ్ళని రాశాడు. ఒక బంగారు దినారానికి 4 లక్షల గవ్వలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఆ గవ్వలే బెంగాల్లోను, ఒరిస్సాలోను చిల్లర డబ్బు. నాలుగు గవ్వలు ఒక గండా. ఇరవై గండాలు ఒక పణం. పదహారు పణాలు ఒక కహణం, అంటే 1,280 గవ్వలు. నాలుగు కహణాలు ఒక రూపాయి కింద లెక్క. 5,120 గవ్వలు మోసుకెళితే రూపాయి.

మనకి పక్కనున్న ఒరిస్సాని కంపెనీవాళ్ళు 1803లో పట్టుకున్నారు. భూమి శిస్తు గవ్వల్లో కాదు, వెండి రూపాయల్లో కట్టమన్నారు. రైతు దగ్గర ఉన్నది గవ్వలు. వెండి కోసం గవ్వలు తీసుకెళితే ధర పడిపోయింది. నాలుగు కహణాలకి రావలసిన రూపాయికి ఆరు, ఏడు పెట్టాల్సొచ్చింది. చేను అదే, పంట అదే, చెమట అదే. చేతిలో ఉన్న డబ్బు మాత్రం ఎవరో ఒకరు కాగితం మీద రాస్తే డబ్బు కాకుండా పోయింది. 1817లో ఖుర్దాలో పైకులు తిరగబడడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇంతకన్నా ఘోరం ఉంది. యూరోపు ఓడలు మన సముద్రంలోంచి వేల టన్నుల గవ్వల్ని పశ్చిమ ఆఫ్రికాకి తీసుకెళ్ళి, వాటితో మనుషుల్ని కొన్నాయి. ఆ మనుషుల్ని బానిసలుగా అమెరికా చేర్చారు. గవ్వతో పాటు మన దేశపు గుడ్డ కూడా ఆ బేరాల్లో ఉంది. యానాంని ఫ్రెంచివాళ్ళు ఏలారని మీకు తెలుసు, 1954 దాకా. ఆ ఫ్రెంచివాళ్ళే పాండిచ్చేరిలో నీలిమందు అద్దిన 'గినే' అనే గుడ్డని ఆఫ్రికాలో సెనెగల్ నది ఒడ్డుకి పంపేవారు. అక్కడ తుమ్మజిగురు కొనడానికి ఆ గుడ్డ తానులే డబ్బుగా చెల్లేవి. గవ్వా డబ్బే, గుడ్డా డబ్బే. నేసినవాడి చేతికి ఎంతొచ్చిందన్నది వేరే సంగతి.

గవ్వకి తన మీద ఇంత బేరం నడిచిందని తెలియదు. అది నాచు తింటూ ఉంది. డబ్బుగా చెల్లినన్నాళ్ళూ గోతుల్లో వేసి కుళ్ళబెట్టారు. చెల్లుబాటు పోయాక ఆటకి మిగిలింది.

చిల్లిగవ్వ

మన మాటల్లో మాత్రం ఆ డబ్బు ఇంకా చెల్లుతూనే ఉంది. "చేతిలో చిల్లిగవ్వ లేదు" అంటాం. మిల్లు మూసేసిన ఏడాది మా లైన్ ఇళ్ళల్లో రోజూ వినపడిన మాట అదే. రావలసిన డబ్బుల కోసం మేము తిరగని ఆఫీసు లేదు. అన్నీ కలిపి చేతికొచ్చేసరికి ఏళ్ళు పట్టింది. అంతకు ముందే సామాను కట్టుకుని యానాం వచ్చేశాం. నాకు నలభై మూడేళ్ళు. ఇక్కడ రింగ్ ఫ్రేము లేదు. ఎవరడిగినా "నాకు పోగు అతకడం వచ్చు" అని చెప్పేవాణ్ణి. వాళ్ళకి అది పనిలా వినపడేది కాదు. కొన్నాళ్ళు అరుగు మీద కూచునే ఉన్నాను. కోలా అయినా అన్ని గంటలు కూచోదేమో.

మా ఆవిడ మాత్రం కూచోలేదు. గవ్వలు చేసింది. బెల్లం గవ్వలు. మైదాపిండిలో కాస్త రవ్వ, నెయ్యి వేసి కలిపి, చిన్న ఉండలు చేసి, గీతలున్న గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి దొర్లించడం. ఆ మొదట్లో చెక్క కూడా లేక కొత్త దువ్వెన వెనక మీద చేసేది. నూనెలో వేయించి బెల్లం పాకం పట్టడం. మొదట చుట్టుపక్కల ఇళ్ళకి, తరవాత పెళ్ళిళ్ళకి సారె కింద, తరవాత రెండు కొట్లకి. నేను పక్కన కూచుని ఉండలు చేసేవాణ్ణి. నా బొటనవేలు పోగు అతికి అతికి అలవాటు పడిందేమో, రెండో వారానికి ఆవిడ కన్నా వేగంగా దొర్లించాను. ఆవిడ చూసి "ఇన్నాళ్ళు దాచావా" అంది.

చిల్లిగవ్వ లేని ఇల్లు ఆ గవ్వల మీదే నిలబడింది. అబ్బాయి ఐటీఐ చదివింది ఆ డబ్బుతోనే.

ఇందులో నేను తెలుసుకున్నది ఒకటుంది. మా ఆవిడ మిల్లులో ఉన్నప్పుడు కూడా పండక్కి గవ్వలు చేసేది. ఆ పని ఇంట్లో ఎప్పుడూ ఉంది. దాన్ని మేమెవరం పని అనుకోలేదు, అంతే. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతుల్లో ఇలాంటి రెండో చెట్టు ఉంటుంది. మొదటి చెట్టు కొట్టేసేదాకా చూడం.

మా మడల్లో నత్త

ఇదంతా మేష్టారికి చెబితే ఆయన నన్ను దరియాలతిప్ప వైపు తీసుకెళ్ళారు. అక్కడ గోదారి సముద్రంలో కలిసే చోట మడచెట్లున్నాయి. ఇలాంటి మడలే అవతల కోరింగ దాకా, అభయారణ్యం పేరుతో 235 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉన్నాయి. చెట్టు మాను మీద గోరంత నత్తలు అంటుకుని ఉన్నాయి. చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను, పట్టించుకోలేదు. ఇవి సముద్రపు నత్తలే. పోటు వచ్చి నీరు పెరిగితే చెట్టెక్కుతాయి. ఆటుకి మళ్ళీ కిందికి జరుగుతాయి. చెట్టూ వాటిదే, నీరూ వాటిదే.

"ఇదిగో, నీ కోలాకీ గవ్వకీ మధ్యలో మనది" అన్నారు మేష్టారు. నీళ్ళు ఎంత పెరిగితే అంత పైకి, ఎంత తగ్గితే అంత కిందికి. కాకపోతే ఆ చెట్టంటూ ఉండాలి. మడలు కొట్టేసి చెరువులు తవ్వితే ఎంత తెలివైన నత్తయినా ఎక్కడికెక్కుతుంది? కాబట్టి రెండో పని నేర్చుకోమని పిల్లలకి చెప్పడం ఒక్కటే చాలదు. ఉన్న చెట్టుని కొట్టనివ్వకుండా చూసుకోవడం కూడా మన పనే. మిల్లు మూసినప్పుడు మాలో కొందరు "మీరు వేరే పని నేర్చుకోలేదు, అదీ మీ తప్పు" అని మాట పడ్డారు. కోలాని ఎవరూ అలా అనరు. చెట్టు కొట్టినవాణ్ణి అడుగుతారు.

ఇంకో చిన్న మాట. యాత్రలకెళ్ళినప్పుడు నిగనిగలాడే పెద్ద గవ్వలు, శంఖాలు కొంటాం. వాటిలో చాలావాటిని బతికుండగా పట్టి చంపి అమ్ముతారు. కొన్ని జాతులకి చట్టం రక్షణ కూడా ఉంది. ఇంట్లో అమ్మమ్మల నాటి గవ్వలుంటే వాటితోనే ఆడుకోండి. గవ్వ అరగదు, తరతరాలు వస్తుంది.

మళ్ళీ ఆట

సెలవులు అయిపోయే ముందు మా మనవరాలికి ఇదంతా చెప్పాను. మొత్తం విని "అయితే ఏది గొప్పో చెప్పలేదు తాతా" అంది.

"అంకెల్లో చూస్తే కోలా. పదిహేను కిలోలెక్కడ, గోరంత గవ్వెక్కడ" అన్నాను.

"అంకెలు కాకుండా?"

ఏం చెప్పను? ఒకటి చేదు ఆకు తిని, దాన్ని అరిగించుకోవడం పిల్లకి కూడా నేర్పుతోంది. ఒకటి గుడ్ల మీద కూచుని, పిల్లల్ని సముద్రానికి వదిలేస్తోంది. ఎవరి కష్టం వాళ్ళది. "ఆ రెండిటికీ ధర కట్టింది మనం. అవి కట్టుకోలేదు. అందుకని ఏది గొప్పో మనం చెప్పకూడదు" అన్నాను.

అది కాసేపు ఆలోచించి ముక్కలన్నీ సంచిలో పెట్టేసింది. "అయితే అష్టాచెమ్మా ఆడదాం" అంది. అరుగు మీద సుద్దతో గళ్ళు గీశాం. లోపల మా ఆవిడ పాకం పడుతోంది, బెల్లం వాసన వస్తోంది. పిల్ల నాలుగు గవ్వలూ గుప్పిట్లో కలిపి వేసింది. నాలుగూ బోర్లా పడ్డాయి.

"అష్టా!" అని కేక పెట్టింది. అష్టా పడితే ఇంకో పందెం ఉంటుంది కదండీ. గవ్వలేరుకుని మళ్ళీ వేసింది.